మేళం మామ లెక్కల పుస్తకం

మీ ఇంట్లో పాత పెళ్ళి ఆల్బం ఉంటే ఒకసారి తీసి చూడండి. వధూవరులు ఉంటారు, వియ్యంకులు ఉంటారు, మేనత్తలు, అలిగిన బావమరిది, చివరికి గరిటె పట్టుకున్న వంటవాడు కూడా ఎక్కడో ఒక చోట కనిపిస్తాడు. మేళగాళ్ళు మాత్రం కనిపించరు. మా అక్క పెళ్ళి ఆల్బంలో నేను వెతికాను. 1979 నాటి నలుపు తెలుపు ఫోటోలు ముప్ఫై ఆరు. వాటిలో ఒక్కదానిలో, మా నాన్నగారి భుజం వెనకాల, గాలితో ఉబ్బిన బుగ్గ ఒకటి కనిపించింది. అది మేళం మామ బుగ్గ. ఆయనది నా దగ్గరున్న ఫోటో అదొక్కటే.

ఆయన గురించి మన పత్రికలో నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నేను రచయితను కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. ఇంకొక మాట. ఈ వ్యాసంలో బాకీల సంగతి వస్తుంది గనుక ఆయన పేరు, ఊరి పేరు రాయవద్దని ఆయన కుమారుడు కోరాడు. తిరుత్తణి చుట్టుపక్కల మన తెలుగువాళ్ళకు పేరుతో పని లేదు. 'మేళం మామ' అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది.

రెండు రాష్ట్రాల మేళం

దూరప్రాంతాల్లో ఉన్న పాఠకుల కోసం మా ప్రాంతం గురించి కొంచెం చెప్పాలి. తిరుత్తణి అనగానే సుబ్రహ్మణ్యస్వామి కొండ, సంవత్సరంలో రోజుకొకటి చొప్పున ఉన్న 365 మెట్లు, 1888లో అక్కడ పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు గుర్తుకొస్తారు. 1960 మార్చి 31 దాకా ఈ ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ గారి సిఫారసు ప్రకారం మర్నాటి నుంచి మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో చేరింది. 1997 జనవరిలో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడ్డాక ఇందులోకి వచ్చింది.

మేళం మామ అప్పటికి ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి. నాదస్వరం వాయించడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. ఒకవైపు నగరి, పుత్తూరు, నారాయణవనం, ఇంకొకవైపు తిరుత్తణి, అరక్కోణం, తిరువళ్ళూరు. ఇదీ ఆయన తిరిగిన మేర. అంతదాకా ఒకే రాష్ట్రంలో ఉన్న నగరి, తిరుత్తణి తెల్లవారేసరికి చెరొక రాష్ట్రంలోకి పోయాయి. "రాష్ట్రమే మారినాది నాయనా, రేటు మారలేదు" అని నవ్వేవాడు.

రెండు భాషల పెళ్ళిళ్ళకు వాయించడం తేలిక కాదు. మన తెలుగు పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే ఘడియ ముహూర్తం. తమిళుల పెళ్ళిలో తాళి కట్టే ఘడియ ముహూర్తం. గట్టిమేళం సరిగ్గా ఆ క్షణంలో మోగాలి. ఎవరైనా తుమ్మినా, ఎవరి నోటైనా అపశబ్దం వచ్చినా వినిపించకుండా ఆ మోతలో కలిసిపోవాలి. పురోహితుడు వేలు ఎత్తేలోపల ఆయన డోలు విద్వాంసుడికి కంటితో సైగ చేసేవాడు. తెలుగువాళ్ళింట్లో మంగళస్నానానికి ఏమి వాయించాలి, తమిళులింట్లో ఊయల వేడుకకు ఏమి వాయించాలి, అన్నీ ఆయనకు కొట్టిన పిండి. తమాషా ఏమిటంటే, తమిళుల పెళ్ళిలోనూ ఆయన వాయించేవాటిలో సగానికి సగం త్యాగయ్యగారి తెలుగు కీర్తనలే. మాటలు తెలియనివాళ్ళు కూడా సీతాకల్యాణం కీర్తన మొదలుపెట్టగానే తల ఊపేవారు.

సాయంత్రం విందు సమయానికి మాత్రం సినిమా పాట అడిగేవారు. 1962లో 'కొంజుం సలంగై' అనే తమిళ సినిమాలో కారుక్కురిచ్చి అరుణాచలం గారి నాదస్వరంతో పోటీపడి ఎస్. జానకి గారు పాడిన పాట ఉంది కదా, తెలుగులో 'మురిపించే మువ్వలు'గా వచ్చింది. ఆ పాట వాయించనిదే ఏ పెళ్ళివారూ వదిలిపెట్టేవారు కారు. మామ చిరాకు పడేవాడు కాదు. "అదీ ఆభేరి రాగమే కదా, సినిమాలో వచ్చినంత మాత్రాన చెడిపోతుందా!" అనేవాడు.

కర్ర, పీక, ఊపిరి

చిన్నప్పుడు మేము ఆయన వాద్యాన్ని వింతగా చూసేవాళ్ళం. రెండున్నర అడుగుల పొడుగు, ఏడు రంధ్రాల మీద వేళ్ళు ఆడుతుంటాయి, కింద ఇంకా ఐదు రంధ్రాలు ఉంటాయి. ఆచ్చా అనే మానుతో చేస్తారు. అప్పుడే కొట్టిన చెట్టు పనికిరాదు, పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలూ వాసాలూ కొని చేస్తారని ఆయన చెబితే మాకు నమ్మబుద్ధి కాలేదు. తంజావూరు సీమలో కుంభకోణం దగ్గరి నరసింగంపేట ఈ పనికి పేరుపొందిన ఊరు. 2022లో ఆ ఊరి నాదస్వరానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివినప్పుడు, మామ ఉండి ఉంటే నాలుగుసార్లు చదివించుకునేవాడు కదా అనిపించింది.

వాద్యం కంటే ఆయన భద్రంగా చూసుకునేది సీవాళిని. అంటే నోట్లో పెట్టుకునే పీక. కావేరి ఒడ్డున పెరిగే ఒకరకం రెల్లుతో చేస్తారు. నాలుగైదు పీకలు ఒక దారానికి కట్టి వాద్యానికి వేలాడదీసి ఉంచేవాడు. వాటితో పాటు ఒక సన్నని సూది. పెళ్ళి మధ్యలో ఒక పీక మొండికేస్తే ఇంకొకటి. "పెండ్లాం అలిగినా సముదాయించొచ్చు, పీక అలిగితే పరువు పోతాది" అనేవాడు.

ఉదయం భూపాలం, ఊరేగింపు కదిలేటప్పుడు గంభీరనాటలో మల్లారి, రాత్రి నీలాంబరి. ఏ వేళకు ఏది అని ఆయన మాకు చెప్పలేదు, వింటూ వింటూ మాకే తెలిసింది. ఎండాకాలంలో ఊరేగింపుతో మూడు నాలుగు మైళ్ళు నడుస్తూ, ఊపిరి తెగకుండా వాయించి, పందిట్లోకి వచ్చి కూర్చోగానే "ఏమయ్యా, ఆపేశావేం?" అని ఎవరో ఒక పెద్దమనిషి అనేవాడు. ఆయన చెమట తుడుచుకొని మళ్ళీ పీక నోట్లో పెట్టుకునేవాడు.

ఆషాఢం వస్తే పెళ్ళిళ్ళుండవు. మేళగాళ్ళకు అది పస్తుల నెల. కానీ తిరుత్తణి స్వామి మావాళ్ళను ఆ కరువులో వదిలిపెట్టలేదు. తమిళుల ఆడి నెలలో వచ్చే కృత్తికకు లక్షల మంది పూలకావళ్ళతో కొండకు వస్తారు. కావడి గుంపులు తమ ముందు నడవడానికి మేళాన్ని మాట్లాడుకుంటాయి. ఆ రెండు మూడు రోజుల సంపాదనతో మామ ఇల్లు ఆ నెల గడిచేది.

పెళ్ళిళ్ళ కాలం మొదలయ్యే ముందు ఆయన ఒక పని చేసేవాడు. తెల్లవారుజామున కొండ కిందికి వెళ్ళి, మొదటి మెట్టు పక్కన నిలబడి, ఎవరూ అడక్కుండా, ఎవరూ డబ్బివ్వకుండా మాయామాళవగౌళ వాయించేవాడు. ముత్తుస్వామి దీక్షితులవారికి వాక్కు వచ్చింది తిరుత్తణిలోనే అని సంప్రదాయం. స్వామి ముసలివాడి రూపంలో వచ్చి నోట్లో కలకండ వేశాడనీ, అప్పుడు వచ్చిన తొలి కీర్తన 'శ్రీనాథాది గురుగుహో' ఆ రాగంలోదేననీ చెబుతారు. పిల్లలకు సరళీ వరుసలు మొదలుపెట్టేదీ ఆ రాగంలోనే. "పెద్దాయనకీ అదే మొదలు, పలక పట్టిన పిల్లోడికీ అదే మొదలు. నేను ఆ రెండింటి నడుమ ఉండే వాణ్ణి" అన్నాడొకసారి.

గుండెలో మౌలానా సాహెబు

నా పెళ్ళయ్యాక మేము తిరువళ్ళూరులో కాపురం పెట్టాం. మామకు అక్కడి కల్యాణమంటపాల్లో పనిపడితే, రాత్రి రైలు దొరికేదాకా మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. అమావాస్యనాడు వీరరాఘవస్వామి కోనేటికి జనం పోటెత్తుతారు. ఆ రోజు ఆయనా వచ్చి కోనేట్లో మునిగి, మా ఇంట్లో భోంచేసి వెళ్ళేవాడు. ఆ అరుగు మీదే షేక్ చినమౌలానా సాహెబుగారి సంగతి చెప్పాడు.

మన పాఠకుల్లో పెద్దవాళ్ళకు మౌలానా సాహెబుగారిని పరిచయం చేయనక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. ఆయన 1924లో ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో పుట్టారు. గుంటూరు, ప్రకాశం సీమల్లో తరతరాలుగా దేవాలయాల్లో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలున్నాయి. ఆయనది అలాంటి కుటుంబం. తండ్రి కాశిం సాహెబుగారి దగ్గరా, చిలకలూరిపేట ఆదం సాహెబుగారి దగ్గరా నేర్చుకున్నారు. అంతటితో ఆగితే తెలుగునాట మంచి విద్వాంసుడిగా మిగిలేవారు. కానీ తిరువావడుదురై రాజరత్నం పిళ్ళైగారి నాదస్వరం ఆయనను పట్టుకుంది. ఆ తంజావూరు బాణీ కావాలని నాచ్చియార్‌కోవిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర శిష్యరికం చేశారు. తరువాత శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమం పెట్టి శిష్యులకు చెప్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనకు వచ్చాయి.

మామకు ఈ బిరుదుల మీద పెద్దగా ధ్యాస లేదు. ఆయనకు నచ్చింది వేరే. "చూడు నాయనా, ఆయనా తెలుగోడే, నేనూ తెలుగోణ్ణే. వాళ్ళ సీమకు పోయి, వాళ్ళ విద్య వాళ్ళకాడ్నే నేర్చుకొని, వాళ్ళే కూసోని వినేట్ల వాయించినాడు. తురకాయన రంగనాథుడి ఊళ్ళో ఉండి రంగనాథుడికి వాయించినాడు. ఎవురూ ఎవుర్నీ అడగలేదు నువ్వెవురని. వాద్యం పలికితే ఆ ప్రశ్న రాదు" అన్నాడు.

ఇంకొక సంగతి కూడా ఆయన తరచూ తలుచుకునేవాడు. పాతకాలంలో నాదస్వర విద్వాంసుడు పైపంచె నడుముకు చుట్టుకొని నిలబడి వాయించాలి. రాజరత్నం పిళ్ళైగారు ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. క్రాపు పెంచారు, చొక్కా వేసుకున్నారు, వేదికెక్కి కూర్చుని వాయించారు. మామ ఈ మాట చెప్పి ఊరుకునేవాడు. అప్పట్లో నాకు అందులోని భావం అందలేదు. మా ఊళ్ళ పెళ్ళిళ్ళలో మేళగాళ్ళను ఆఖరి పంక్తిలో, పందిరి బయట కూర్చోబెట్టేవారు. పాయసం అడుగంటిన తరువాత వాళ్ళ ఆకులు పడేవి. మా అక్క పెళ్ళిలోనూ అంతే జరిగింది.

శ్రీరంగం వెళ్ళి మౌలానా సాహెబుగారిని ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలని ఆయన కోరిక. మంచి ముహూర్తాల్లో తీరిక ఉండదు, ముహూర్తాలు లేని నెలల్లో రైలుఖర్చు ఉండదు. రేడియోలోనూ క్యాసెట్లలోనూ విన్నదే. 1999 ఏప్రిల్లో సాహెబుగారు కన్నుమూశారు. ఆ వారంలో వచ్చిన అమావాస్యకు మామ మా ఇంటికి వచ్చాడు. భోజనం వద్దన్నాడు. అరుగు మీద కూర్చొని గుడ్డసంచిలోంచి వాద్యం తీసి, చాలాసేపు తోడి వాయించాడు. వీధిలో పోయేవాళ్ళు "ఏం విశేషం, ఎవరి పెళ్ళి?" అని మా ఆవిడను అడిగారు.

ఆదాయ ధ్రువపత్రం

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది అంతకు మూడేళ్ళ ముందు, 1996లో జరిగింది. నేను అప్పుడు తిరుత్తణి వైపు ఒక బ్రాంచిలో ఆఫీసరుగా ఉన్నాను. మామ ఒకరోజు తల దువ్వుకొని, ఉతికిన పంచె కట్టుకొని వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. డోలు పగిలిపోయింది, నాదస్వరానికి చీలిక వచ్చింది, రెండూ కొత్తవి కొనాలి, ఆరువేలు అప్పు కావాలి. నన్ను ఎప్పుడూ 'నాయనా' అనే మనిషి ఆ రోజు 'సార్' అన్నాడు.

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుపడుతున్నాను. ఆదాయ ధ్రువపత్రం తెమ్మన్నాను. ఉద్యోగం లేని మనిషికి ఆదాయ ధ్రువపత్రం ఎవరిస్తారు? మా దరఖాస్తులో వృత్తుల పట్టిక ఉండేది. కుమ్మరి, కమ్మరి, చాకలి, నేతపని, టీకొట్టు, సైకిల్ షాపు. సంగీతం లేదు. "మామా, ఏడాదికి ఎంత వస్తుందో ఏదైనా కాగితం మీద ఉంటే చూడొచ్చు" అన్నాను, పంపించేయడానికే అన్నాను.

మూడోరోజు ఆయన ఒక మూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే ఐదు పొడుగాటి లెక్కల పుస్తకాలు. 1961 నుంచి ఆ నెల దాకా, ముప్ఫై ఐదేళ్ళలో ఆయన వాయించిన ప్రతి శుభకార్యం. తెలుగు అక్షరాల్లో, మధ్యమధ్య తమిళంలో. తేదీ, ఊరు, ఇల్లు, ఏ కార్యం, ఒప్పుకున్నది, ముట్టినది, బాకీ. నలుగురు మనుషులకు పంచింది ఎంత, రైలుకు ఎంత, పీకలకు ఎంత. నేను కామర్స్ చదివినవాణ్ణి. అంత శుభ్రమైన పద్దులు మా బ్రాంచిలో వ్యాపారులు పెట్టే కాగితాల్లో కూడా చూడలేదు.

చివర ఇంకొక గడి ఉంది. పైన 'విన్నవాళ్ళు' అని రాసి ఉంది. ఆ రోజు రాగం విస్తరించి వాయిస్తుంటే నిజంగా కూర్చొని విన్నది ఎవరు అని. ఎక్కువ చోట్ల అడ్డగీత. కొన్నిచోట్ల 'ఇద్దరు'. ఒకచోట 'వంటాయన'. ఒకచోట 'పెండ్లికొడుకు తాత, కండ్లు కనపడవు'.

పేజీలు తిప్పుతూ 1979కి వచ్చాను. మా ఊరు, మా నాన్నగారి పేరు, అక్క పెళ్ళి. ఒప్పుకున్నది 200. ముట్టినది 160. బాకీ 40. చివరి గడిలో, 'తోడి. చిన్నోడు ఒకడు.'

ఆ చిన్నోణ్ణి నేనే. నాకు అప్పుడు పదకొండేళ్ళు. మేళం పక్కన మడతకుర్చీ కింద కూర్చొని, డోలు ఆయన వేళ్ళకు తొడుక్కునే తొడుగుల్ని లెక్కపెడుతూ, ఎంతసేపు విన్నానో గుర్తులేదు. ఆయన మాత్రం రాసుకున్నాడు.

మా నాన్నగారు మోసగాడు కారు. చెరకు డబ్బు రాగానే ఇస్తానని ఉంటారు. ఆ ఏడు చెరకు డబ్బు ఎప్పుడొచ్చిందో, ఎటు పోయిందో. ఆ తరువాత మా ఇంట్లో ఇంకో రెండు శుభకార్యాలకు మామే వచ్చి వాయించాడు. ఒక్కసారీ అడగలేదు. ఎందుకు అడగలేదని తలవంచుకొనే అడిగాను.

"అడిగితే ఇస్తారు. ఇచ్చి, తర్వాతి పెండ్లికి వేరే మేళం పిలుస్తారు. అందుకే రాసుకుంటా, అడగను" అన్నాడు.

ఒక ఆదివారం ఆ ఐదు పుస్తకాలు ముందు పెట్టుకొని బాకీల గడి మొత్తం కూడాను. ముప్ఫై ఐదేళ్ళలో రాని డబ్బు ఏడువేల మూడువందల చిల్లర. ఆయన మా బ్యాంకును అడిగిన అప్పు ఆరువేలు. అంటే పాఠకులారా, మనలాంటి ఇళ్ళవాళ్ళు పెళ్ళి హడావిడిలో మరిచిపోయిన డబ్బు ఇచ్చి ఉంటే, ఆ మనిషి నా బల్ల ముందు నిలబడి నన్ను 'సార్' అనవలసిన పని ఉండేది కాదు.

ఆ పుస్తకాలనే ఆదాయానికి రుజువుగా చూపించి, మా పై అధికారికి రెండు పేజీలు రాశాను. రైతుకు పంట చేతికొచ్చే నెలల్లో వాయిదా పెడతాం కదా, అలాగే ముహూర్తాలు ఎక్కువగా ఉండే నెలల్లో పెద్ద వాయిదాలు, ఆషాఢం, ధనుర్మాసాల్లో వాయిదా లేకుండా లెక్కవేసి జతచేశాను. మొదట తిరిగొచ్చింది. రెండోసారి మంజూరైంది. మామ మూడేళ్ళలో పైసలతో సహా తీర్చేశాడు. నా ఉద్యోగంలో కోట్ల రూపాయల ఫైళ్ళు చూశాను. గర్వంగా చెప్పుకునేది ఆ ఆరువేల ఫైలు గురించే.

అప్పు మంజూరైన రోజు మా బాకీ కూడా తీరుద్దామని కూర్చున్నాను. నలభై రూపాయలు, పదిహేడేళ్ళు, నూటికి పన్నెండు చొప్పున సాధారణ వడ్డీ, మొత్తం నూట ఇరవై ఒక్క రూపాయి అరవై పైసలు. నూట ఇరవై రెండు ఆయన చేతిలో పెట్టాను. ఆయన నలభై లెక్కపెట్టి తీసుకొని, మిగతాది వెనక్కి ఇచ్చేశాడు. "వడ్డీ మీ బ్యాంకులో కట్టించుకోండి సార్, మేళానికి వడ్డీ లేదు" అన్నాడు నవ్వుతూ. నా పెన్ను అడిగి తీసుకొని, 1979 పేజీ తీసి, బాకీ గడిలో నలభైని కొట్టేసి పక్కన 'ముట్టింది' అని రాశాడు. తేదీ కూడా వేశాడు.

పళ్ళు పోయాక

నాదస్వరం వాయించేవాడికి ముందు పళ్ళు పోతే పీకకు ఆనుడు ఉండదు. 2002 ప్రాంతంలో మామకు పళ్ళు కదిలాయి. కట్టుడు పళ్ళతో ప్రయత్నించాడు, శృతి నిలవలేదు. కొడుకు డోలు వాయిస్తుంటే పక్కన కూర్చొని తాళం వేసేవాడు. అప్పటికే చాలా కల్యాణమంటపాల్లో మేళాన్ని ముహూర్తం వేళకు మాత్రం పిలిచి, మిగతా సమయమంతా పాటకచ్చేరీ బృందాన్నో, స్పీకర్లనో పెట్టుకుంటున్నారు. "మా అరగంటకు మేము చాలు" అనేవాడు. 2008లో కాలం చేశాడు. కుమారుడు శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. మంచి ముహూర్తం ఆదివారం వస్తే డోలు భుజాన వేసుకొని వెళతాడు. పుస్తకాలు ఆయన దగ్గరే ఉన్నాయి. మొన్న వెళ్ళి చూశాను. ఐదో పుస్తకం చివరి పేజీల్లో అక్షరాలు వణికాయి గానీ, ఒక్క గడీ ఖాళీగా లేదు.

మన సంఘం కుటుంబాలు మద్రాసులోనూ, బెంగుళూరులోనూ, ఇంకా దూరదేశాల్లోనూ ఉన్నాయి. పెళ్ళిళ్ళకు మాత్రం ఊరికి వస్తూనే ఉంటాం. మంటపానికి, పూలకు, వీడియోకు ముందుగానే అడ్వాన్సు కడతాం. మేళానికి మాత్రం "పెళ్ళయ్యాక చూద్దాం" అంటాం. పెళ్ళయ్యాక మనం కారెక్కుతాం. నా మనవి రెండు మాటలే. మేళం డబ్బు ముహూర్తానికి ముందే ఇచ్చేయండి. ఒక పావుగంట, ఫోన్లు పక్కన పెట్టి, మీ పిల్లల్ని తీసుకెళ్ళి మేళం ఎదురుగా కూర్చోండి.

2022లో మా అమ్మాయి పెళ్ళి తిరుత్తణిలో చేశాం. మేళం ముందు రెండు వరుసల కుర్చీలు వేయించాను. నిజం చెప్పాలంటే అవి నిండలేదు. మా అక్క, నేను, వియ్యంకులవారి తరఫు ఒక ముసలాయన కూర్చున్నాం. నాదస్వరం ఆయన పాతికేళ్ళ కుర్రవాడు. మేము కదలకుండా కూర్చున్నామని చూసి, తొందర తగ్గించి, తోడి ఎత్తుకున్నాడు. మా అక్క కళ్ళు తుడుచుకుంది. భోజనాలకు మేళంవాళ్ళను మొదటి పంక్తిలో, మా పక్కనే కూర్చోబెట్టుకున్నాం.

తాళి కట్టకముందే కవరు ఆయన చేతిలో పెట్టాను. అతను ఆశ్చర్యపోయి, లెక్కపెట్టుకొని, "రసీదు ఏమైనా కావాలా సార్?" అని అడిగాడు. అక్కరలేదన్నాను. ఒక పుస్తకం పెట్టుకొని అన్నీ రాసుకోమని మాత్రం చెప్పాను.